ఎవరి పశువు, ఎవరి శాస్త్రం? — ముసర వ్యాధి చరిత్ర

మన చరిత్ర గ్రంథాల్లో రాజుల ఏనుగులకూ గుర్రాలకూ చోటు దొరికింది గాని నాగలి లాగిన ఎద్దుకు దొరకలేదు. శిస్తు లెక్కల్లో భూమి వుంటుంది, పంట వుంటుంది. ఆ పంట పండించిన కాడి ఎలా బతికిందో, ఎలా చచ్చిందో వుండదు. పేదరైతుకు కాడెద్దు ప్రధాన ఉత్పత్తి సాధనం. తొలకరి పడ్డాక ఎద్దు చస్తే ఆ యేడు సేద్యం నిలిచిపోతుంది. మరో ఎద్దు కోసం అప్పు చేస్తే షావుకారు పద్దులో పేరు ఎక్కుతుంది. కనుక పశువుల అంటురోగాల చరిత్రను పశువైద్యులకే వదిలిపెట్టడం పొరపాటు. అది రైతాంగ చరిత్రలో విడదీయరాని భాగం.

ఆ రోగాలన్నిటిలో ఘోరమైనది ముసర వ్యాధి. మన పల్లెల్లో దాన్ని పెద్దరోగం అని కూడా అన్నారు. మొదట తీవ్రమైన జ్వరం, కళ్ళవెంట ముక్కువెంట కారడం, నోట్లో పుళ్ళు, ఆపైన నెత్తురుతో కూడిన దుర్వాసన విరేచనాలు; వారం పది రోజుల్లో చావు. ఎన్నడూ ఆ రోగం సోకని మందలో పడితే పదింట తొమ్మిది చచ్చిన సందర్భాలున్నాయి. నేడు ఆ రోగం భూమ్మీద లేదు. 2011లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆ సంగతి ప్రకటించాయి. మనుషుల్లో మశూచి తర్వాత మానవుడు సమూలంగా నిర్మూలించిన రెండో రోగం ఇది. ఇంత పెద్ద విజయాన్ని సాధారణంగా టీకా సాధించిన విజయంగా చెబుతారు. అది సగం సత్యమే. టీకా చేతికి వచ్చిన తర్వాత కూడా మన దేశంలో ఈ రోగం అరవై ఏళ్ళకు పైగా ఎందుకు బతికిందో చెప్పనంతవరకు మిగిలిన సగం చరిత్ర బయటపడదు.

సైన్యాల వెంట, సరుకుల వెంట

ముసర ఎక్కువగా మనుషుల యుద్ధాల వెంట, వ్యాపారం వెంట నడిచింది. సైన్యాలకు బండ్లు లాగే ఎడ్లు, మాంసం కోసం తోలుకుపోయే మందలు దానికి వాహనాలయ్యాయి. పద్దెనిమిదో శతాబ్దంలో అది ఐరోపాను పదేపదే ఊడ్చింది. 1711లో రోగం ఇటలీకి చేరినప్పుడు పోపు వైద్యుడు లాన్సీసీ రోగగ్రస్తమైన పశువులను వధించి, మందల రాకపోకలు ఆపాలని చెప్పాడు. 1762లో ఫ్రాన్సులోని లియాన్‌లో ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాల తెరవడానికి ఈ పీడ ఒక ముఖ్యకారణం. 1865లో బాల్టిక్ తీరంనుంచి వచ్చిన ఓడ ద్వారా రోగం ఇంగ్లండులోని హల్ రేవులో దిగింది. మరుసటి ఏడాది పార్లమెంటు చట్టం చేసి, రోగం సోకిన పశువులను చంపించి యజమానులకు నష్టపరిహారం ఇప్పించింది. రెండేళ్ళలో రోగం సద్దుమణిగింది. అంటే సూక్ష్మజీవి ఏదో తెలియకముందే, టీకా చేతికి రాకముందే, ఒక రాజ్యం తలచుకుంటే ముసరను అణచగలదని 1867 నాటికే రుజువైంది.

అదే రాజ్యం మన దేశాన్నీ పాలిస్తున్నది. ఇక్కడేం చేసింది?

విచారణ జరిగింది, వైద్యం రాలేదు

హాలెన్ అనే సైనిక పశువైద్యుని అధ్యక్షతన ఒక సంఘం భారతదేశంలోని పశురోగాలను విచారించి 1871లో నివేదిక ఇచ్చింది. ఇక్కడి పెద్దరోగం ఐరోపాలోని ముసర ఒకటేనని తేల్చింది. అయితే ఇంగ్లండులో చేసినట్టు వధించి పరిహారమివ్వడం ఇక్కడ జరగలేదు. గోవధను జనం అంగీకరించరన్న మాట నిజమే. కాని వలస ఖజానా రైతు ఎద్దుకు పరిహారం చెల్లించే స్వభావం గలది కాదన్న మాట కూడా అంతే నిజం.

ఆనాటి ప్రభుత్వ పశువైద్యానికి అసలు కన్ను గుర్రం మీద వుంది. అశ్వదళం లేనిదే సామ్రాజ్యం లేదు. 1880లో డేరా ఇస్మాయిల్‌ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ గుర్రాల, ఒంటెల నెత్తుటిలో సర్రా రోగాన్ని కలిగించే పరాన్నజీవిని కనిపెట్టాడు. ఆ జాతి సూక్ష్మజీవి రోగం కలిగించగలదని లోకంలో మొదటిసారి తేలింది అక్కడే. శాస్త్రానికి అది గొప్ప మెట్టు. అయితే ఆ సూక్ష్మదర్శిని సైనిక అశ్వశాలలో ఎందుకు వుంది, గ్రామంలో ఎందుకు లేదు అన్న ప్రశ్న కూడా చరిత్రదే. 1890 దశకం మొదట్లో ఏర్పడిన సివిల్ పశువైద్య శాఖ తొలి ప్రధాన బాధ్యతల్లో గుర్రాల, కంచరగాడిదల సంతానోత్పత్తి ఒకటి. మద్రాసులో పశువైద్య కళాశాల తెరిచింది 1903లో. హాలెన్ నివేదికకూ దానికీ మధ్య ముప్ఫై రెండేళ్ళు గడిచాయి.

రోగానికి బదులు దోషి

రోగాన్ని పట్టుకోలేని రాజ్యం మనుషులను పట్టుకుంది. 1850 దశకం నుంచి ఉత్తర భారతంలోని అధికారుల కాగితాల్లో ఒక కథ తిరిగింది: చమారులు చర్మాల కోసం పశువులకు పాషాణం పెట్టి చంపుతున్నారని. అక్కడక్కడ అలాంటి నేరాలు జరిగే వుండవచ్చు. కాని మందలకు మందలు చస్తున్న కాలంలో ఒక కులం మొత్తాన్ని పుట్టుకతో విషప్రయోగం చేసేవారిగా చిత్రించడం రోగనిదానం కాదు, కులద్వేషానికి ప్రభుత్వ ముద్ర. 1904 నాటి విషపదార్థాల చట్టం వెనుక నడిచిన వాదనల్లో ఈ పశువుల విషప్రయోగం కూడా వుంది.

ఇందులోని క్రూరత్వాన్ని మన గ్రామాల అనుభవం తెలిసినవారు సులభంగా గ్రహిస్తారు. చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్చి, తోలు వొలిచే పనిని కులవ్యవస్థ ఉత్తరాదిన చమారు మీద, తెలుగు నేలమీద మాదిగ మీద మోపింది. తప్పించుకోవడానికి వీల్లేని ఆ చాకిరీనే అక్కడ అనుమానానికి ఆధారం చేశారు. కళేబరం దగ్గర వున్నవాడే హంతకుడన్నారు. తోలు ఎగుమతి చేసి లాభం గడించిన వర్తకుణ్ణి మాత్రం ఏ కాగితమూ పుట్టు నేరస్థుడనలేదు. 1936లో వచ్చిన ప్రేమ్‌చంద్ ‘గోదాన్’లో హోరీ ఆవు విషంతోనే చస్తుంది, పెట్టినవాడు సొంత తమ్ముడు, కారణం అసూయ. పశువు చావుకు అసలు కారణాలను కులంలో కాక పేదరికపు సంబంధాల్లో వెతికిన ఆ రచయిత చూపు ఆనాటి ఎందరో అధికారుల చూపు కన్నా శాస్త్రీయమైనదని చెప్పక తప్పదు.

ముక్తేశ్వర్ కొండమీద

1889లో పూనాలో ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లాబొరేటరీ ఏర్పడింది. ప్రమాదకరమైన సూక్ష్మజీవులతో పని కనుక 1893లో దాన్ని కుమావూఁ కొండల్లో ఏడువేల అడుగులకు పైబడిన ముక్తేశ్వర్‌కు తరలించారు. నేటి భారత పశువైద్య పరిశోధనా సంస్థకు అదే మూలం. దాని తొలి శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ లింగార్డ్.

అదే దశకంలో ముసర ఆఫ్రికాను సర్వనాశనం చేస్తోంది. 1887లో ఇటలీ సేనల కోసం ఎర్ర సముద్ర తీరానికి దించిన పశువులతో అది ఆ ఖండంలోకి దిగిందని చరిత్రకారులు చెబుతారు. ఇథియోపియాలో పశువులు పోయి, సేద్యం పోయి, 1888 నుంచి 1892 దాకా భయంకరమైన కరువు నడిచింది. 1896 నాటికి రోగం దక్షిణాఫ్రికా చేరింది. మంద పోయిన కాపరికి గనుల్లో కూలి తప్ప దారి లేకపోయింది. తెల్లవారి మందలూ చస్తున్నాయి కనుక కేప్ ప్రభుత్వం హుటాహుటిన రాబర్ట్ కోఖ్‌ను కింబర్లీకి రప్పించింది. చచ్చిన పశువుల పిత్తరసంతో ఆయన ఒక రక్షణ పద్ధతి రూపొందించాడు. 1897లో మనుషుల ప్లేగు విచారణకై మన దేశానికి వచ్చినప్పుడు ముక్తేశ్వర్‌కూ వెళ్ళాడు. 1899లో అక్కడ ముసరకు రక్షక సీరం తయారైంది. 1902లో ఇస్తాంబుల్‌లో నికోల్, ఆదిల్ బే అనేవారు ఈ రోగకారకం బాక్టీరియాను ఆపే వడపోతల గుండా కూడా జారిపోతుందని చూపించారు. అది వైరస్ అని తేలింది.

సీరంకు ఖర్చెక్కువ, దాని రక్షణ కొద్దికాలమే. అసలు మలుపు 1920 దశకంలో వచ్చింది. ముక్తేశ్వర్‌లో జె.టి. ఎడ్వర్డ్స్ ఈ వైరస్‌ను ఒక మేకనుంచి మరో మేకకు వరసగా ఎక్కించుకుంటూ పోయాడు. మేకకు అలవాటుపడేకొద్దీ అది పశువుల్లో తీవ్రత కోల్పోయింది. ఒక్క మేక ప్లీహంతో వందల పశువులకు టీకా వేయవచ్చు. ఒక్కసారి వేస్తే రక్షణ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. బలహీనమైన పశువులకు, విదేశీ సంకరజాతులకు అది పడకపోవడం నిజమే. అయినా నాటుపశువులే అత్యధికంగా వున్న దేశంలో 1930 నాటికే నిర్మూలనకు ఆయుధం సిద్ధమైంది. అయినా స్వాతంత్ర్యం వచ్చేదాకా దేశవ్యాప్తమైన నిర్మూలన కార్యక్రమమంటూ లేదు. రోగం తలెత్తినచోటికి పరుగెత్తడమే విధానం.

లెక్కల్లో టీకాలు, బీళ్ళలో మందలు

1954లో జాతీయ ముసర నిర్మూలన పథకం మొదలైంది. ఐదేళ్ళలో ఎనభై శాతం పశువులకు టీకాలు వేయాలన్నది లక్ష్యం. ప్రభుత్వ సంస్థలు టీకా తయారుచేశాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఊరూరా తిరిగి వేశారు. ఏటా వేలల్లో వుండే రోగ వ్యాప్తులు వందల్లోకి దిగాయి. ప్రజాధనంతో, ప్రజల కోసం నడిచే శాస్త్రం ఏం చేయగలదో అది చూపించింది. దీన్ని తక్కువ చేయరాదు.

కాని ఆపైన రోగం మొండికేసింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా దక్షిణ ద్వీపకల్పం దానికి చివరి ఆశ్రయమైంది. టీకాలు వేయడం ఒక అలవాటుగా, లెక్క చూపే పనిగా మారింది. రోడ్డు పక్క ఊళ్ళో, పాల కేంద్రం దగ్గర కట్టివున్న పశువుకు ఏటేటా టీకా పడింది. మేత కోసం జిల్లాలు దాటే మందకు పడలేదు. తిరుగుడు మందలకు చిరునామా లేదు. చిరునామా లేనివారు రిజిస్టరులో వుండరు. కాగితం మీద లక్ష్యం నిండింది, వైరస్‌కు కావలసినంత చోటు మిగిలింది.

1980 దశకం చివర, 1990లలో ఈ పద్ధతి మారింది. ఎన్ని టీకాలు వేశామన్నదానికి బదులు రోగం ఎక్కడ దాగివుందన్న ప్రశ్న ముందుకు వచ్చింది. ఊరూరా, మందలు నడిచే దారులెంట వెతికారు. కెన్యాలో వాల్టర్ ప్లోరైట్ 1960లలో రూపొందించిన, ఏ జాతి పశువుకైనా హాని చేయని కణవర్ధన టీకా చేతిలో వుంది. 1995లో తమిళనాడులో కనిపించినదే మన దేశంలో చివరి వ్యాప్తి. 2006లో దేశం ముసర విముక్తమైనట్టు అంతర్జాతీయ గుర్తింపు లభించింది.

ఆఫ్రికా ఇదే పాఠాన్ని మరింత స్పష్టంగా చెప్పింది. ప్లోరైట్ టీకాకు చల్లదనం కావాలి. ఎడారికి శీతలపెట్టె పోదు. వేడిలో నెలరోజుల దాకా చెడని రూపంలో దాన్ని తయారుచేశాక, ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో కాపరులకే శిక్షణ ఇచ్చి సూది చేతికిచ్చారు. చదువుకున్న వైద్యుడు చేరలేనిచోట రోగం ఆగిపోయింది. ముసర లక్షణాలు, అది ఏ దారిన వస్తుందన్నది ఆ కాపరికి ముందునుంచీ తెలుసు. శాస్త్రం ఆ జ్ఞానాన్ని గుర్తించడానికి వందేళ్ళు పట్టింది.

మిగిలిన పని

1987లో తమిళనాడులోని అరసూరులో గొర్రెల్లో ఒక రోగం బయటపడింది. ముసర వైరస్‌కు దగ్గరి చుట్టమైన వైరస్ దానికి కారణం. మన గొల్ల కురుమలు దాన్ని పారుడు రోగంగా ఎరుగుదురు. అంతకుముందు గొర్రెల్లో ముసరగా లెక్కకట్టిన వాటిలో ఇదీ కొంత వుండి వుండాలి. దానికీ ముక్తేశ్వర్‌లోనే మంచి టీకా తయారైంది. 2030 నాటికి ప్రపంచంనుంచి దాన్ని తుడిచివేయాలని 2015లో అంతర్జాతీయ సంస్థలు తీర్మానించాయి.

గొర్రె, మేక భూమిలేనివాడి పశువులు. ఒంటరి స్త్రీలకు, దళితులకు, సంచార కాపరులకు అవే బ్యాంకు ఖాతాలు. టీకా వుంది, దాన్ని తయారుచేసే సంస్థలున్నాయి. తిరుగుడు మంద దగ్గరికి ఎవరు వెళ్తారు, ఏ నెలలో వెళ్తారు, కాపరి మాట వింటారా, చచ్చిన జీవానికి నష్టం ఎవరు భరిస్తారు — తేలవలసినవి ఇవే. ఇవి సాంకేతికమైన ప్రశ్నలు కావు, రాజకీయమైనవి. వీటికి జవాబు లేకపోవడం వల్లనే టీకా పుట్టాక కూడా ముసర రెండు తరాల రైతుల కాడిని తిన్నది. పారుడు రోగానికి కూడా అంత వ్యవధి ఇస్తామా అన్నది నేటి పాలకులను మనం నిలదీసి అడగవలసిన ప్రశ్న.