జాకెట్లు కుట్టిన పిల్లలు

క్లారా లెమ్లిక్ పుస్తకాలు కొనుక్కోవడానికి కాజాలు కుట్టింది. 1886లో ఉక్రెయిన్‌లోని గొరొదోక్ అనే ఊళ్ళో పుట్టిన యూదుల పిల్ల. ఇంట్లో మాట్లాడేది యిడ్డిష్. రష్యన్ బడిలో తమ పిల్లల్ని చేర్చుకోరు గనక ఆ భాషే గడప తొక్కకూడదని తండ్రి పంతం. ఈ పిల్లకేమో టాల్‌స్టాయ్ కావాలి, తుర్గెనెవ్ కావాలి, గోర్కీ కావాలి. అందుకని డబ్బుకి కాజాలు కుట్టింది. చదువురాని తల్లులకు, అమెరికా వెళ్ళిపోయిన వాళ్ళ బిడ్డల పేర ఉత్తరాలు రాసిపెట్టింది. దాచుకున్న పుస్తకాలు ఒకరోజు తండ్రి కంటపడ్డాయి. అన్నీ తగలబెట్టాడు. మళ్ళీ కాజాలు, మళ్ళీ ఉత్తరాలు, మళ్ళీ పుస్తకాలు.

నేను జాకెట్లు కుట్టి సంసారం ఈదినదాన్ని. కాజా అంటే ఏమిటో నాకు తెలుసు. గుడ్డ కోసిన చోట పీచు లేవకుండా దారం ఒత్తుగా పడాలి, ప్రతి పోగుకీ ముడి బిగియాలి. దీపం వెలుతురులో పది కుట్టేసరికి కళ్ళు గుంజుతాయి. అందుకే టైలర్లు ఆ పని తాము చేసుకోరు, చుట్టుపక్కల ఇళ్ళలోని ఆడవాళ్ళకి పంపుతారు. ఎంతిస్తారో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఆ డబ్బుతో పుస్తకం కొన్న పిల్ల సంగతి తెలిశాక ఆమె గురించి దొరికిందల్లా చదివాను.

మన దగ్గర మార్చి 8 మహిళా దినం సభల్లో ‘న్యూయార్క్ కుట్టుపని స్త్రీలు’ అన్న మాట తప్పకుండా వినిపిస్తుంది. 1857లో అదే రోజున వాళ్ళు ఊరేగారని కూడా కొందరు చెబుతారు. చరిత్రకారులు వెతికితే ఆ ఊరేగింపుకి ఆధారం దొరకలేదు. గట్టిగా తెలిసింది ఏమిటంటే, 1909 ఫిబ్రవరి 28న అమెరికా సోషలిస్టు పార్టీ మొదటిసారి మహిళా దినం జరిపింది. దాని వెనక ఉన్న థెరెసా మాల్కియెల్ కూడా యూదు స్త్రీయే. 1891లో రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చి బట్టల ఫ్యాక్టరీలో చేరిన మనిషి. మన ఉపన్యాసాల్లో ఊరూ పేరూ లేకుండా మిగిలిపోయిన ఆ ‘స్త్రీల’కు పేర్లున్నాయి, భాష ఉంది, మతం ఉంది, వెనకాల వదిలి వచ్చిన ఊళ్ళున్నాయి. ఆ పేర్లు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆ పాత ఊళ్ళ సంగతి కొంచెం తెలియకపోతే తర్వాత కథ అర్థం కాదు. తూర్పు ఐరోపా యూదుల్లో మగవాడికి గొప్పతనమంటే తమ ధర్మగ్రంథం తోరా ముందేసుకుని చదవడం. అతను చదువుకుంటుంటే అంగడి పెట్టేది, బేరాలాడేది, ఇల్లు నడిపేది భార్య. ఆడది సంపాదించడం వాళ్ళకి నామోషీ కాదు. కానీ ఆ చదువులో మాత్రం ఆమెకు చోటు లేదు. పని చెయ్యి, చదవకు అంటే పిల్లలు ఎన్నాళ్ళు ఊరుకుంటారు? దానికి తోడు 1897లో పుట్టిన బుండ్ అనే యూదు కార్మికుల పార్టీ అమ్మాయిల్ని కూడా రహస్య సమావేశాలకు పిలిచింది. 1903లో కిషినేవ్‌లో యూదుల ఊచకోత జరిగింది. లెమ్లిక్ కుటుంబం ఆ తర్వాతే అమెరికాకి ఓడెక్కింది.

న్యూయార్క్‌లో వాళ్ళకంటే ముందు నడిచినవాళ్ళు లేకపోలేదు. పోలెండులోని రబ్బీ, అంటే యూదు మతగురువు, కూతురు ఎర్నెస్టీన్ రోజ్, పెళ్ళయిన ఆడదాని ఆస్తి ఆమెకే ఉండాలని 1836లో నెలల తరబడి ఇల్లిల్లూ తిరిగితే వచ్చినవి ఐదు సంతకాలు. చట్టం 1848లో గానీ రాలేదు.

నాకు మరీ ఇష్టమైనది 1902 మే నెల గొడవ. యూదుల నియమం ప్రకారం కోసిన మాంసం, కోషర్ మాంసం, పౌను 12 సెంట్ల నుంచి 18 సెంట్లకు పోయింది. న్యూయార్క్ యూదు పేట లోయర్ ఈస్ట్ సైడ్‌లోని ఇల్లాళ్ళు, ఫానీ లెవీ, సారా ఎడెల్మన్ లాంటివాళ్ళు, ఇంటింటికీ తిరిగి మాంసం కొనడం మాన్పించారు. కొన్నవాళ్ళ చేతుల్లోంచి లాగి వీధిలో పారేశారు. వేలమంది రోడ్డెక్కారు. శనివారం వచ్చింది, విశ్రాంతి దినం. యూదుల్లో ఒక పాత ఆచారం ఉంది: అన్యాయం జరిగినవాడు సమాజమందిరంలో తోరా పారాయణం ఆపించి, తన గోడు వినేదాకా కదలనని నిలబడొచ్చు. మామూలుగా దాన్ని వాడుకునేది మగవాళ్ళు. ఆ శనివారం ఆడవాళ్ళు లోపలికి నడిచి పారాయణం ఆపి, మగవాళ్ళని తమవైపు నిలబడమని అడిగారు. మతంలో లేని కొత్త హక్కేదో వాళ్ళు అడగలేదు. మతంలో ఉన్నదాన్నే తీసుకుని వాడుకున్నారు. చివరికి పౌను ధర 14 సెంట్లకు దిగింది. వీళ్ళ ఇళ్ళలోని పిల్లలు అదంతా చూస్తూ పెరిగారు.

ఇక జాకెట్ల దగ్గరికి వస్తాను. అప్పట్లో అమెరికాలో షర్ట్‌వెయిస్ట్ అనే జాకెట్టు ఊపేస్తోంది. మగవాడి చొక్కాలా ముందు గుండీలు, ఛాతీ మీద సన్నటి టక్కులు, చేతులకి కుచ్చు. ఆఫీసుకెళ్ళే కొత్త తరం ఆడవాళ్ళ బట్ట అది. కుట్టేవాళ్ళూ ఆడపిల్లలే, ఎక్కువమంది పదహారు నుంచి పాతికేళ్ళ లోపువాళ్ళు. సగానికి మించి యూదులు, తర్వాత ఇటలీవాళ్ళు. సూది విరిగితే జీతంలో కోత. దారానికి కోత, మిషను తిప్పే కరెంటుకి కోత, కూర్చునే కుర్చీకి కోత. గడియారం ముల్లు వెనక్కి తిప్పి భోజనం గంట కొరికేసేవారు. సాయంత్రం గుడ్డముక్క పట్టుకుపోతున్నారేమోనని సంచీలు వెతికేవారు. క్లారాతో పనిచేసిన పిల్లలు మిషను తల వీపు మీద మోసుకుని పనికి వచ్చేవారు. మిషను తల బరువెంతో ఒకసారి ఎత్తి చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. లిథువేనియా నుంచి వచ్చిన పాలిన్ న్యూమన్ ఇంకా చిన్నపిల్లగా ట్రయాంగిల్ కంపెనీలో చేరింది. తనిఖీ అధికారి వస్తే చంటివాళ్ళలాంటి ఆ పిల్లల్ని పెట్టెల్లో కూర్చోబెట్టి పైన జాకెట్లు కప్పేసేవారు.

క్లారా 1906లో జాకెట్లు కుట్టేవాళ్ళ యూనియన్ శాఖలో చేరింది, దాని పేరు లోకల్ 25. 1909 సెప్టెంబరులో, ఆమె పనిచేసే షాపు సమ్మెలో ఉండగా, యజమాని తరఫు రౌడీలు ఆమె పక్కటెముకలు విరగ్గొట్టారు. ఆ నవంబరు 22 రాత్రి కూపర్ యూనియన్ హాల్లో పెద్ద సభ. అమెరికా కార్మిక నాయకుల్లో పెద్దాయన శామ్యూల్ గాంపర్స్ సహా అందరూ మాట్లాడారు. రెండు గంటలు గడిచాయి. జాగ్రత్త, ఓపిక అన్న మాటలే తప్ప సమ్మె అన్న మాట తేలలేదు. కింద జనంలోంచి ఇరవై మూడేళ్ళ క్లారా లేచి, నాకో మాట చెప్పనివ్వండంది. వేదిక ఎక్కించారు. యిడ్డిష్‌లో మాట్లాడింది. ఈ బాధలు పడుతున్న పిల్లల్లో తానొకతెనని, మాటలతో విసిగిపోయానని, సర్వత్రా సమ్మె చెయ్యాలని తీర్మానం పెడుతున్నానని. అంతే, హాలు హోరెత్తిపోయింది.

అధ్యక్షుడు బెంజమిన్ ఫైగెన్‌బామ్ అందర్నీ కుడిచేయి ఎత్తమని పాత యూదు పద్ధతిలో ఒట్టు వేయించాడు: ఈ మాట తప్పితే ఎత్తిన ఈ చెయ్యి ఎండిపోవాలని. తెలుగు బైబిలు చదివేవాళ్ళకి ఈ ఒట్టు ఎక్కడిదో వెంటనే తడుతుంది, 137వ కీర్తనలోది. యెరూషలేమును మరవనని చేసిన ప్రమాణాన్ని ఈ పిల్లలు ఒకరినొకరు మరవమని చేశారు. కుట్టుపని మీద బతికే మనిషి కుడిచెయ్యి ఎండిపోనీ అని ఒట్టేస్తే అది ఊరికే వేసే ఒట్టు కాదు. ఆ చెయ్యే వాళ్ళ అన్నం.

మర్నాడు పదిహేను వేలమంది మిషన్లు ఆపి లేచారు. త్వరలో ఇరవై వేలు దాటారు. అమెరికాలో అంతకు ముందు ఆడవాళ్ళ సమ్మె ఇంత పెద్దది జరగలేదు.

వాళ్ళకి అచ్చేసి ఇచ్చిన నియమాల కాగితం ఒకటుంది. ఇద్దరు ముగ్గురికి మించి కలిసి నడవకూడదు. షాపు ముందు నిలబడకూడదు, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ ఉండాలి. పనిలోకి వెళ్తున్న మనిషితో మాట్లాడాలంటే ఆపకూడదు, పక్కన నడుస్తూ మాట్లాడాలి. గొంతు పెంచకూడదు. చెయ్యి వెయ్యకూడదు, చొక్కా గుండీ కూడా ముట్టుకోకూడదు. తిట్టకూడదు. పోలీసు పట్టుకుంటే అతని నంబరు రాసుకుని యూనియన్‌కి ఇవ్వాలి. ఇంగ్లీషు సరిగా రాని పదిహేడేళ్ళ పిల్ల, డిసెంబరు చలిలో, పల్చటి కోటు వేసుకుని, ఈ నియమాలన్నీ గుర్తుపెట్టుకుని నడవాలి. ఎదురుగా రౌడీలు, వాళ్ళ వెనక పోలీసులు. క్రిస్మస్ నాటికే ఏడు వందల మందికి పైగా అరెస్టయ్యారు. కొందరిని నేరస్థులతో పాటు వర్క్‌హౌస్ అనే చాకిరీ జైలుకి పంపారు. మీరు దేవుడి మీదే సమ్మె చేస్తున్నారని ఒక మేజిస్ట్రేటు అన్నాడు.

గొప్పింటి ఆడవాళ్ళు కొందరు అప్పుడు వీళ్ళ పక్కన నిలబడ్డారు. ఆల్వా బెల్మాంట్ రాత్రి కోర్టులో కూర్చుని, తన మేడ హామీగా పెట్టి పిల్లల్ని విడిపించింది. కోటీశ్వరుడు మోర్గాన్ కూతురు ఆన్ కూడా వచ్చింది. వాళ్ళ సాయం నిజమైనదే, దాన్ని నేను తక్కువ చెయ్యను. పోలీసు లాఠీ కాస్త తగ్గింది వాళ్ళ వల్లే. కానీ పేపర్లవాళ్ళు వాళ్ళ ఫోటోలే వేశారు. తర్వాత చరిత్ర రాసినవాళ్ళూ చాలాకాలం ఆ ఫోటోలే చూశారు. పిల్లల సోషలిజం వినేసరికి ఆన్ మోర్గాన్ దూరం జరిగింది.

1910 ఫిబ్రవరికి మూడు వందలకు పైగా షాపులు ఒప్పందం చేసుకున్నాయి. వారానికి 52 గంటలు, సూదికీ దారానికీ కోత లేదు. ట్రయాంగిల్ మాత్రం యూనియన్‌ని ఒప్పుకోలేదు. యజమానులు మాక్స్ బ్లాంక్, ఐజాక్ హారిస్ కూడా రష్యా నుంచి వచ్చిన యూదులే, అదే యిడ్డిష్ మాట్లాడేవాళ్ళే. ఈ సంగతి దాచకూడదు. ఆ పిల్లల పోరాటం ముందు సొంత మనుషులతోనే, తండ్రితో, మేస్త్రీతో, యజమానితో.

1911 మార్చి 25, శనివారం. పనిమానాల్సిన విశ్రాంతి దినాన కూడా పని. సాయంత్రం నాలుగూ నలభై ప్రాంతంలో, ఎనిమిదో అంతస్తులో కటింగ్ బల్ల కింద పీలికల డబ్బా అంటుకుంది. మా షాపులో పీలికల గోతాం దగ్గర బీడీ వెలిగిస్తే మాస్టరు చెయ్యి చేసుకునేవాడు. నూలు పీలిక ఎంత తొందరగా రగులుతుందో చూసినవాళ్ళకి తెలుసు. పదో అంతస్తుకి కబురు వెళ్ళింది, యజమానులు మేడ మీద నుంచి తప్పించుకున్నారు. తొమ్మిదో అంతస్తుకి ఎవరూ చెప్పలేదు. అక్కడ వాషింగ్టన్ ప్లేస్ వైపు తలుపుకి తాళం, పిల్లల సంచీలు ఒకే దారిలో వెతకడానికి. బయటి ఇనుప మెట్లు విరిగి పడిపోయాయి. ఫైరింజన్ నిచ్చెన ఆరో అంతస్తు దాటలేదు. 146 మంది చనిపోయారు, వాళ్ళలో 123 మంది ఆడవాళ్ళు. ఆ తలుపుకి తాళం ఉందని యజమానులకి తెలుసని రుజువు కాలేదంటూ డిసెంబరులో జ్యూరీ వాళ్ళని వదిలేసింది. 1914లో దావాలు తేలితే, పోయిన ప్రాణానికి 75 డాలర్లు.

ఓటు హక్కు అనే మాటకి ఈ పిల్లల నోట వేరే బరువు వచ్చింది ఇక్కడే. ఆ ఏడాదే క్లారా, టోపీలు కుట్టే రోజ్ ష్నైడర్‌మన్ మరికొందరితో కలిసి కూలిచేసే స్త్రీల ఓటుహక్కు సంఘం పెట్టారు. యజమానికి ఓటుంది, మేస్త్రీకి ఓటుంది, తనిఖీ అధికారికి ఓటుంది, కూలిపిల్లకి లేదు, అందుకే తను పనిచేసే భవనం శుభ్రంగా, భద్రంగా ఉండాలని ఆమె అడిగితే వినాల్సిన అవసరం ఎవరికీ లేదని క్లారా చెప్పేది. 1912 ఏప్రిల్ 22న కూపర్ యూనియన్‌లో, ఓటేస్తే ఆడవాళ్ళ నాజూకుతనం పోతుందన్న సెనేటర్లకి వీళ్ళు బదులిచ్చారు. చాకిరేవు ఫ్యాక్టరీల్లో ఆవిర్ల మధ్య, కాగే గంజి మధ్య పదమూడు గంటలు నిలబడేవాళ్ళ అందం, ఏడాదికోసారి పెట్టెలో చీటీ వేస్తే పోతుందా అని రోజ్ అడిగింది. మనిషి నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. హాలు చివరిదాకా వినపడే గొంతట. మంటల తర్వాత వేసిన విచారణ సంఘం వల్ల న్యూయార్క్‌లో ముప్పైకి పైగా చట్టాలు వచ్చాయి. 1917లో ఆ రాష్ట్రం స్త్రీలకు ఓటిచ్చింది. లోయర్ ఈస్ట్ సైడ్ యూదు పేటల మగవాళ్ళు గట్టిగా అటువైపే వేశారు. వాళ్ళ ఇళ్ళల్లో రాత్రి భోజనాల దగ్గర ఏం మాటలు నడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు.

క్లారాని ఓటుహక్కు ఉద్యమం జీతమిచ్చి పెట్టుకుని, ఏడాది తిరక్కుండా తీసేసింది. చెప్పిన మాటలు చెప్పినట్టు మాట్లాడే మనిషి కాదామె. 1913లో పెళ్ళి, తర్వాత ముగ్గురు పిల్లలు, బ్రూక్లిన్‌లో కాపురం. చాలా పుస్తకాలు ఆమెను అక్కడ వదిలేస్తాయి. నాకు ఆమె మరీ దగ్గరైంది అక్కడే. జీతం పెరిగినంతా అద్దెలోనూ మాంసంలోనూ పోతుంటే ఫ్యాక్టరీలో గెలిచినదేమిటని అడిగి, వంటిళ్ళలో ఉన్నవాళ్ళని కూడగట్టింది. 1919లో అద్దెల సమ్మె. 1929లో శ్రామిక వర్గ స్త్రీల సంఘం. 1935లో మళ్ళీ మాంసం ధరల మీద బహిష్కరణ, అది ఊళ్ళకు ఊళ్ళు పాకింది. కమ్యూనిస్టు కాబట్టి 1951లో పాస్‌పోర్టు లాగేసుకున్నారు. భర్త జబ్బుపడ్డప్పుడు మళ్ళీ కుట్టుపనిలో చేరి 1954 దాకా చేసింది. పెన్షన్ కోసం తన సొంత యూనియన్‌తోనే చాలాకాలం తగవు పడాల్సి వచ్చింది.

ముసలితనంలో లాస్ ఏంజెలెస్‌లో యూదు వృద్ధుల హోమ్‌లో చేరింది. కాలిఫోర్నియా పొలం కూలీలు సమ్మెలో ఉంటే, వాళ్ళు వద్దన్న ద్రాక్షా లెట్యూసూ అక్కడ వడ్డించకూడదని యాజమాన్యాన్ని ఒప్పించింది. తనకి పక్కలు మార్చే పనివాళ్ళని కూర్చోబెట్టి యూనియన్ పెట్టుకోమంది, వాళ్ళు పెట్టుకున్నారు. 1982 జులైలో, 96 ఏళ్ళ వయసులో పోయింది.