కంటి కటకం: సోర్స్ కోడ్ పోయిన ప్రోగ్రాం

మా కురబలకోట వైపు అవ్వ కంట్లో పొర వస్తే "వయసైపాయ కదప్పా" అని వదిలేస్తారు. ఆ వయసు కంట్లో ఏం చేస్తుందా అని వెతికితే చరిత్రలో మన హైదరాబాదూ తగిలింది.

కటకం నడిమి కణాలు మనం పుట్టకముందే తయారై, తమ కేంద్రకాన్ని వదిలించుకుంటాయి. సోర్స్ కోడ్ పోయిన ప్రోగ్రాం అన్నమాట! ఉన్న ప్రొటీన్లతోనే జీవితాంతం నెట్టుకురావాలి. వయసుతో గ్లూటాథయోన్ రిడక్టేజ్ లాంటి ఎంజైములు మందగిస్తాయి, ప్రొటీన్లు పాడై ముద్దకడతాయి. అదే శుక్లం.

అలా ముద్దకట్టకుండా ఆల్ఫా క్రిస్టలిన్ కాపాడుతుందని 1992లో అమెరికాలో జోసెఫ్ హార్విట్జ్ చూపించాడు. ఎలా కాపాడుతుందో 1990ల్లో సీసీఎంబీలో మోహనరావు గారి బృందం తవ్వింది.

ఇంత తెలిసినా శుక్లాన్ని కరిగించే నమ్మదగ్గ చుక్కల మందు ఇంకా లేదు, ఆపరేషనే దారి. అందుకే ఈసారి ఊరెళ్తే పెద్దాళ్ళని కంటి డాక్టరుకి చూపించండి.