కాలణా సెస్సు: పల్లెల రవాణాకు ధనమిచ్చినదెవరు?

కోస్తా జిల్లాలలోని బాటలు, కాలువలు, రైలుశాఖలు మొదట దొరతనమువారి పూనికవలనను, పిమ్మట స్వతంత్ర ప్రభుత్వముల పథకములవలనను పల్లెలకు లభించినవని చెప్పుట మనకు వాడుకయైనది. ఈ కథనము పూర్తిగా అసత్యము కాదు గాని, ధనమెవరి మొలనుండి వెడలినదను ప్రశ్నను ఇది తాకకయే దాటిపోవుచున్నది.

తొలిఘట్టములు అందఱెఱిగినవే. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికిని, బెజవాడ ఆనకట్ట 1855 నాటికిని ముగియగా, తెరచాపలతోను, గట్టునుండి మనుష్యులు లాగెడి త్రాళ్లతోను నడచిన పడవలు పొగ యెఱుగకయే డెల్టా ధాన్యమును రేవులకు చేర్చెను. 1866లో మద్రాసు ప్రభుత్వము బాటలకొఱకు శిస్తు రూపాయికి అరణా సెస్సు విధించెను. 1871 నాటి స్థానికనిధుల చట్టము దానిని అణావఱకు పెంచుట కనుమతించెను. 1884 చట్టమువలన జిల్లాబోర్డులును తాలూకాబోర్డులును ఏర్పడెను.

నేను నిలిచి చూడదలచినది దీని తరువాతి ఘట్టము. తంజావూరు జిల్లాబోర్డు రూపాయికి మూడు పైల చొప్పున, అనగా కాలణా, ప్రత్యేకముగా రైలుసెస్సు కూడబెట్టి, 1894లో మాయవరమునుండి ముత్తుపేటవఱకు సొంతరైలు వేయించగా, ఆ మార్గమును మన బోర్డులును అనుసరించెను. 1908లో తెఱవబడిన బెజవాడ–బందరు శాఖ కృష్ణాజిల్లా బోర్డుది. 1916లో తెఱవబడిన తెనాలి–రేపల్లె శాఖ, సుమారు ఇరువదియొక్క మైళ్లది, గుంటూరు జిల్లాబోర్డుది. బండ్లు నడపినది రైల్వేకంపెనీయే యైనను, సొత్తు బోర్డులది. వేమూరులోనో భట్టిప్రోలులోనో శిస్తు చెల్లించు రైతు, శిస్తుతోపాటు గ్రామమునసబునకు లెక్కించి యిచ్చిన చిల్లరయే ఈ బోర్డుల ఆదాయమునకు ఆధారమని తలచినప్పుడు, ఆ రైలును పరుల దానమని యెట్లనగలము?

అయినను ఈ కాలమును స్వర్ణయుగమని పొగడుటకు నాకు మనస్సొప్పదు. తొలి దశాబ్దములలో జిల్లాబోర్డు అధ్యక్షుడు కలెక్టరే. సభ్యులలో భూస్వాములదే పైచేయి. ఓటు ఆస్తికలవారికే పరిమితము. కాలినడకన సంతకుపోవు కూలివానికి బోర్డులో నోరులేదు. రైలుశాఖలు ధాన్యపు ఎగుమతికి అనువైన చోట్లనే పుట్టెను. శిస్తు స్వల్పమైన మెట్ట, మన్యపు ప్రాంతములలో సెస్సును స్వల్పమే గావున, అవసరము హెచ్చుగానున్నచోటనే ధనము తక్కువయ్యెను. ఈ లోపమును కప్పిపుచ్చువారు చరిత్రకు మేలుచేయరు. నా వాదమింతియే: రాబడియు నిర్ణయమును ఒకేచోట నుండుటవలన, ఏ బాట చెడినదో, ఏ రైలు నడువలేదో అడుగుటకు పన్నుచెల్లించువానికి తన జిల్లాలోనే ఒక గడప యుండెను.

ఆ గడప తొలగినది 1947 తరువాత కాదు, అంతకు పూర్వమే. రహదారుల విషయమై నియమింపబడిన జయకర్ సంఘపు సిఫారసుపై 1929లో పెట్రోలు గాలనుకు రెండణాల అదనపు సుంకముతో కేంద్ర రహదారినిధి యేర్పడెను. 1931లో మద్రాసు మోటారువాహనపు పన్ను చట్టమువలన టోలుగేట్లు పోయి, వాని రాబడికి మాఱుగా బోర్డులకు పరిహారము మాత్రమే మిగిలెను. గేటువద్ద బండ్లు నిలిచెడి బాధ తొలగుట ప్రజలకు హితమే. కాని స్వయముగా వసూలుచేసికొను సంస్థ పైనుండి వచ్చు సొమ్మునకు ఎదురుచూచు సంస్థగా మాఱుటయు అప్పుడే మొదలయ్యెను. 1959లో జిల్లాబోర్డుల స్థానమున జిల్లాపరిషత్తులు వచ్చినప్పుడు, వానికి పనులు పెరిగినంతగా సొంత రాబడి పెరుగలేదు.

2000 సంవత్సరము డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన, మైదానములలో అయిదువందలు, మన్యములలో రెండువందల యేబది జనాభాగల ఆవాసములకు తారుబాట వేయుట గొప్పమేలు. కాని అది వేసినది బాటయే. ఆ బాటపై బస్సు నడుపుటకు అందులో పైసయైన లేదు. గుత్తేదారు బాధ్యత అయిదేండ్లతో తీరును. ఆపై గుంతలు పూడ్చు భారము రాష్ట్రముది. తెలంగాణలో 2023లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2025లోను స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పించుటను నేను మనసార స్వాగతింతును. అయినను పల్లెవెలుగు బస్సు రాని ఊరి ఆడుబిడ్డ నేటికిని ఆటోకు డబ్బిచ్చియే పోవలసియున్నది. 2023లో కేంద్రము ప్రకటించిన పదివేల విద్యుద్బస్సుల పథకము మూడులక్షలును అంతకు మించినను జనాభాగల నగరములను ఉద్దేశించినది. తెనాలి, రేపల్లె, గుడివాడ, బందరు ఇవన్నియు ఆ పరిమితికి దిగువవే. ఒకనాడు తమ జిల్లాసెస్సుతో రైలును తెచ్చుకొన్న ఊళ్లు నేడు జనసంఖ్య చాలదని విడువబడుట నాకు న్యాయముగా తోచదు.

మోటారువాహనపు పన్నులో నియతభాగము జిల్లాపరిషత్తులకు నేరుగా చేరవలెను; ఏ ఊరికి దినమునకెన్ని బస్సులు పోవలెనో వ్రాసియిచ్చు అధికారమును వానికే యుండవలెను. పలుకుబడికలవారి ఊళ్లకే బస్సులు పోవునను భయము నాకును కలదు. జిల్లాబోర్డులనాడు జరిగినదియు నదియే. కావున మెట్ట, మన్యపు జిల్లాలకు హెచ్చుభాగము ముందుగనే కేటాయించి, పిదపనే తక్కినవారికి పంచుట మేలని నా అభిప్రాయము.