మూడో నెలలో ఇచ్చే మాత్ర

టిఫా స్కాన్ రిపోర్టులో నాకు తెలిసిన మాటలు రెండే కనబడ్డాయి: లెమన్, బనానా. మిగతాదంతా డాక్టర్ల భాష. స్కాన్ చేసినావిడ తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా, "నడుము దగ్గర వెన్నెముక మూసుకోలేదమ్మా. స్పైనా బైఫిడా అంటారు. తలలో నీరు కూడా చేరుతోంది" అంది. అప్పటి చట్టంలో గర్భం తీయించుకోవడానికి 20 వారాలే గడువు. నాకు మిగిలింది కొద్ది రోజులే. 2021 సవరణ తర్వాత బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే 24 వారాలు దాటినా అనుమతి ఉంది. మేము ఉంచుకుందామనుకున్నాం. వద్దనుకున్న తల్లిని మాత్రం నేను పల్లెత్తు మాట అనను.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. నిద్ర పట్టని రాత్రుల్లో ఆ రిపోర్టులో ఒక్కో మాటా ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ కూర్చున్నాను. పూజలూ మొక్కులూ మా అత్తగారు చూసుకున్నారు. నాకు తేదీలే ధైర్యం చెప్పాయి.

ఆ నిమ్మకాయా అరటిపండూ 1986 నాటివి. అంతకుముందు స్కాన్‌లో వెన్నుపూసలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయేవారు, చిన్న చీలిక తేలిగ్గా తప్పిపోయేది. లండన్ కింగ్స్ కాలేజీ ఆస్పత్రిలో కైప్రోస్ నికొలైడెస్ బృందం వెన్ను కంటే ముందు తల చూడమంది. వెన్ను తెరుచుకున్న చోట నీరు కారిపోతుంటే మెదడు కిందికి జారుతుంది. నుదుటి ఎముకలు రెండు పక్కలా లోపలికి నొక్కుకుని తల నిమ్మకాయ ఆకారానికొస్తుంది, చిన్నమెదడు వంగిపోయి అరటిపండులా కనబడుతుంది. దానికి 14 ఏళ్ల ముందు ఎడిన్‌బరోలో డేవిడ్ బ్రాక్ ఉమ్మనీటిలో ఆల్ఫా ఫీటోప్రోటీన్ పెరగడాన్ని బట్టి ఈ జబ్బును పసిగట్టే దారి చూపాడు. మా అమ్మ నన్ను కనేనాటికి మా జిల్లాలో ఇవేవీ లేవు, కాన్పయ్యాకే ఏదైనా తెలిసేది.

తలలో నీటి సంగతి వెతుకుతుంటే జాన్ హోల్టర్ దొరికాడు. అమెరికాలో తాళాల కంపెనీలో టెక్నీషియన్. డాక్టరు కాదు. 1955 నవంబరులో అతనికి కొడుకు పుట్టాడు, పేరు కేసీ. వెన్నులో ఇదే చీలిక, తలలో ఇదే నీరు. నీటిని తలలోంచి షంట్ అనే గొట్టం ద్వారా రక్తనాళంలోకి మళ్లించాలని సర్జన్లకు తెలుసు. కానీ ఆ గొట్టాలు మూసుకుపోయేవి, లేదంటే రక్తం వెనక్కి ఎగదన్నేది. ఫిలడెల్ఫియాలో కేసీని చూస్తున్న సర్జన్ యూజీన్ స్పిట్జ్ ఈ ఇబ్బందిని తండ్రికి వివరించాడు. హోల్టర్ ఇంటికెళ్లి గ్యారేజీలో కూర్చున్నాడు. రబ్బరు గొట్టంలో సన్నటి గాటు పెడితే లోపలి ఒత్తిడికి తెరుచుకుంటుంది, ఒత్తిడి తగ్గగానే మూసుకుంటుంది, వెనక్కి రానివ్వదు. శరీరం ఒప్పుకునే పదార్థం కోసం సిలికోన్ దాకా వెళ్లాడు. 1956లో తొలి వాల్వును వేరే బిడ్డకు అమర్చారు. కేసీ బతికింది ఐదేళ్లే. ఆ వాల్వు మాత్రం వేలమంది పిల్లల్ని బతికించింది. మా అమ్మాయి చెవి వెనక చర్మం కింద చేతికి తగిలే గట్టి బుడిపె దాని సంతతే. తల దువ్వేటప్పుడు అక్కడ దువ్వెనను నెమ్మదిగా పోనివ్వాలి.

ఇలా బతికిన పిల్లల్ని ఏం చేయాలన్నది తర్వాతి తగవు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో జాన్ లార్బర్ మొదట వచ్చిన ప్రతి బిడ్డకూ ఆపరేషన్ చేయించాలన్న పక్షంలో ఉన్నాడు. 1971లో 524 మంది పిల్లల లెక్క తీసి మాట మార్చాడు: తీవ్రమైన లోపాలున్నవాళ్లకు ఆపరేషన్ వద్దన్నాడు. ఆ వ్యాసం గురించి చదివి రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. ఆయన దుర్మార్గుడని అనను. కానీ నడవడాన్ని, మూత్రం ఆపుకోగలగడాన్ని బతుకు విలువకు కొలతగా పెట్టుకున్నాడు. ఆ మరుసటి ఏడే, 1972లో, అమెరికాలోని మిషిగన్‌లో జాక్ లాపిడెస్ అనే డాక్టరు ఒక మామూలు మాట చెప్పాడు. మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాని రోగి రోజుకు కొన్నిసార్లు తానే సన్నటి గొట్టం పెట్టుకుని ఖాళీ చేసుకోవచ్చు, దానికి ఆపరేషన్ థియేటర్ శుభ్రత అక్కర్లేదు, మామూలు శుభ్రత చాలు. కిడ్నీలు పాడై పోవాల్సిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు. మా అమ్మాయి కాలిపర్లు వేసుకుని బడికొస్తుంది. ఇంటర్వెల్‌లో స్టాఫ్ టాయిలెట్‌లో తన పని తానే చేసుకుని చేతులు తుడుచుకుంటూ వస్తుంది. పుట్టకముందే కడుపులో ఉన్న బిడ్డకు వెన్ను మూసే ఆపరేషన్ మంచిదని 2011లో అమెరికాలో 183 మంది తల్లుల మీద చేసిన పరిశోధన తేల్చింది. షంట్ అవసరమైన లేదా చనిపోయిన పిల్లలు నూటికి 98 నుంచి 68కి తగ్గారు. అది మాకు అందే సంగతి కాదు.

ఇక మాత్ర. ఇది మా పశ్చిమగోదావరి కథ కూడా. 1930 ప్రాంతాల్లో బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ పరిశోధన చేసింది. ఈస్ట్‌తో తయారయ్యే మార్మైట్‌తో వాళ్లు కోలుకున్నారు. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. అది ఫోలిక్ యాసిడ్. దాన్ని 1945లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి పెద్ద, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకే మందు.

అదే ప్రయోగశాల ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడునూ చేసింది, అమినోప్టెరిన్. పిల్లల రక్త క్యాన్సర్‌కు తొలిసారి పనిచేసిన మందు అదే. 1952లో దాన్ని గర్భస్రావానికి వాడి చూస్తే కొన్ని పిండాలు వికారంగా కనబడ్డాయి. ఫోలిక్ యాసిడ్ అందకపోతే పిండం సరిగ్గా రూపుకట్టదని అక్కడే సూచన ఉంది. లివర్‌పూల్‌లో హిబ్బర్డ్, స్మితెల్స్ 1965లో ఆ దారి పట్టారు. నమ్మించడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1991లో ఏడు దేశాల్లోని 33 కేంద్రాల ఫలితం వచ్చింది: ఒకసారి ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులు గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాములు తీసుకుంటే ముప్పు 72 శాతం తగ్గింది. సుబ్బారావు 1948లోనే పోయారు, ఈ సంగతి ఆయనకు తెలియనే తెలియదు.

నాకు కోపమొచ్చేది ఇక్కడే. పిండంలో వెన్నుపాముగా మారే నాళం మూసుకునేది 28వ రోజు లోపు. నెల తప్పిందని తెలిసి, పిండి వంటలు పంచి, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఎవరికైనా మూడో నెల. నాకూ మాత్ర అప్పుడే రాశారు. అది ముందే వేసుకుని ఉంటే మా అమ్మాయికి ఇలా అయ్యేది కాదని అనడం లేదు, అలా ఎవరూ చెప్పలేరు. కానీ పెళ్లిచూపుల్లో పాట వచ్చా అని అడిగినవాళ్లు ఉన్నారు, పెళ్లయిన రోజు నుంచి ఈ మాత్ర వేసుకోమన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఇప్పుడు మా బడిలో వారానికోసారి నీలం రంగు ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు పంచే పని నాది. రక్తహీనతకని చెబుతారు. కొందరు పిల్లలు నాలుక కింద దాచి కిటికీ అవతలికి ఉమ్మేస్తారు. అందుకని భీమవరం కథ చెప్పి మరీ మింగిస్తాను.

ఇంట్లో అలా కుదరదు. రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు రావడం మొదలయ్యాక మా అత్తగారు చేట ముందేసుకుని, తెల్లగా మెరిసే గింజలన్నీ ప్లాస్టిక్ బియ్యమంటూ ఏరి పారేసేవారు. ఒకరోజు పక్కన కూర్చుని బొంబాయి మిల్లుల నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆవిడ చెయ్యి ఆపి విన్నారు. "అంత సంగతి ఉంటే ఆ గోనెసంచి మీద తెలుగులో రాయించొచ్చుగా మీ వాళ్లు" అన్నారు.