జిరాయితీ రైతు ఓటు: 1937 బొబ్బిలి ఎన్నిక

నేటి అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరం, అంటే సర్వసిద్ధి రాయవరం, గురజాడ అప్పారావు 1862లో పుట్టిన ఊరు. నాటి విశాఖపట్నం జిల్లాలో చాలాభాగం జమీందారీల కిందనే ఉండగా, సర్వసిద్ధి నేరుగా సర్కారు ఏలుబడిలో ఉన్న కొద్ది తాలూకాల్లో ఒకటి కావడంతో, అక్కడి పట్టాదారు తన శిస్తును ప్రభుత్వానికే కట్టేవాడు. దీన్నే రైత్వారీ పద్ధతి అనేవారు. అదే జిల్లాలోని బొబ్బిలిలోనైతే రైతు శిస్తు దివాణానికి చేరేది, జమీందారు అందులోంచి ఏటా మారని పేష్కషును సర్కారుకు చెల్లించేవాడు.

1928లోనే తన దేశంలో 21 ఏళ్లు నిండిన స్త్రీపురుషులందరికీ సమానంగా ఓటిచ్చిన బ్రిటిష్ పార్లమెంటు, 1935 భారత ప్రభుత్వ చట్టంలో ఇక్కడివారి ఓటును మాత్రం ఆస్తికి, పన్నుకు, చదువుకు ముడిపెట్టింది. కూలీలను బయటే నిలబెట్టిన ఈ అన్యాయపు నిబంధనలలోనే, రైత్వారీ పట్టాదారుతో పాటు జమీందారీలోని జిరాయితీ రైతుకు, అంటే 1908 ఎస్టేటు భూముల చట్టం సాగుహక్కును గుర్తించిన రైతుకు కూడా, ఓటు దక్కింది. చదవడం రానివారి సౌకర్యార్థం మద్రాసు రాష్ట్రంలో అభ్యర్థులకు వేర్వేరు రంగుల పెట్టెలు కేటాయించగా, కాంగ్రెసుకు పసుపు పెట్టె వచ్చింది. ఓటు రహస్యం కనుక, అందులో చీటీ వేసిన చేయి ఎవరిదో దివాణానికి తెలిసే వీలు లేకపోయింది.

1932 నుంచి, 1936లో కొన్ని నెలలు మినహా, జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావును, 1937లో ఆయన సొంత బొబ్బిలిలోనే కాంగ్రెసు అభ్యర్థి, రైల్వే కార్మిక నాయకుడు వి.వి. గిరి ఓడించారు. ఖాళీ అయిన ఒక్క స్థానానికి జరిగే ఉప ఎన్నిక కూడా బ్రిటన్‌లో పాలకులను కలవరపెట్టేది. 1933లో లండన్‌లోని ఈస్ట్ ఫుల్‌హామ్‌లో 14,000కు పైబడిన అధికార పక్షపు ఆధిక్యం తలకిందులైంది. అయితే అక్కడ ఓడినవాడు ఒక అభ్యర్థి మాత్రమే, బొబ్బిలిలో ఓడినవాడు ప్రభుత్వాధినేత, పైగా ఆ గడ్డకు ప్రభువు. ఆ తేడాలోనే ఈ ఎన్నిక ఘనత ఉంది.

శాసనసభలోని 215 స్థానాల్లో 159 గెలిచిన కాంగ్రెసు జూలైలో రాజాజీ నాయకత్వాన మంత్రివర్గం ఏర్పరచగా, గిరి కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీలపై వేసిన విచారణ సంఘం, భూమికి హక్కుదారు రైతేనని 1938లో నివేదించింది. ఆ జమీందారీల రద్దుకు శాసనం మాత్రం 1948లో గాని రాలేదు.