క్రియల క్రమం: వల్లెవేతకు ఉన్న చరిత్ర

ముందుగా 24 ÷ 4 × 2 ఎంతో కాగితం మీద చేసి చూడండి. 12 వస్తే సరే. 3 వచ్చినవారు గుణకారం ముందు చేసి ఉంటారు.

నల్లమాడలో చదివినా నల్గొండలో చదివినా మన బడుల్లో చెప్పేది 'బోడ్మాస్': బ్రాకెట్లు, ఆఫ్, డివిజన్, మల్టిప్లికేషన్, అడిషన్, సబ్‌ట్రాక్షన్. తెలుగు మాధ్యమం పిల్లలూ ఇంగ్లీషు అక్షరాలనే పట్టుకున్నారు. భా, గు, సం, వ్య కలిపితే నోటికి పట్టే మాట రాదు మరి. అమెరికా పిల్లలు నేర్చే 'పెమ్డాస్'లో గుణకారం భాగహారానికి ముందుంటుంది. వరుసను ఉన్నదున్నట్టు పాటిస్తే రెండు దేశాల్లో రెండు జవాబులు రావాలి. అలా రాకూడదు. గుణకార భాగహారాలది ఒకే అంతస్తు, ఎడమ నుంచి కుడికి ఏది ముందొస్తే అది చేయాలి. సంకలన వ్యవకలనాలదీ ఇదే పద్ధతి: 10 − 4 + 3 అంటే 9, 3 కాదు. ఈ ముఖ్యమైన సంగతి ఆ అక్షరాల్లో ఎక్కడా లేదు.

ఈ నియమం ప్రాచీనమైనదని అనుకోకండి. × గుర్తును ఆట్రెడ్ 1631లో, ÷ గుర్తును రాన్ 1659లో అచ్చు పుస్తకాల్లో వాడారు. ఆ రెండూ ఒకేచోట వస్తే ఏది ముందో ఏకాభిప్రాయం లేదని గణిత చరిత్రకారుడు కజోరి 1928లో కూడా రాశాడు.

గుర్తులు రాకముందు క్రమాన్ని మాటల్లోనే చెప్పేవారు. మన త్రైరాశికమే చూడండి. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించమని ఆర్యభటుడు చెప్పాడు. 6 కిలోల వేరుశనగ 400 రూపాయలైతే 9 కిలోలు ఎంత? 400ను 9తో గుణిస్తే 3600, దాన్ని 6తో భాగిస్తే 600. భాగహారం ముందు చేసి ఉంటే మధ్యలో భిన్నం అడ్డుపడేది. అంటే ఆ వరుసకు కారణం ఉంది. అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన 11వ శతాబ్దివాడని ఎక్కువమంది అభిప్రాయం. తాటాకు అందరి ఇంటా ఉండదు, పద్యం మాత్రం నోట ఉంటుంది. లెక్కల పద్యాన్ని కవిత్వం కాదని పక్కనపెట్టే సాహిత్య చరిత్రలు ఈ అవసరాన్ని గుర్తించలేదని నా అభిప్రాయం.

మన ప్రాంతానికి సంబంధించిన సాక్ష్యం 1823 నాటిది. మన్రో 1822లో ఆదేశించిన విద్యా విచారణకు బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ నివేదిక పంపాడు. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాలు అప్పుడు బళ్ళారి జిల్లాలోవే. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. జిల్లాలో 533 బడులు, అందులో తెలుగువి 226, కన్నడానివి 235. పిల్లలు రోజుకు రెండుసార్లు వరుసల్లో నిలబడి, పెద్ద విద్యార్థి చెబుతుంటే ఎక్కాలు, కొలతలు, నాలుగేసి వంతులుగా దిగే భిన్నాలు వల్లించేవారు. కాలు, వీసం, కాని అన్న వరుస అదే: నాలుగో వంతు, పదహారో వంతు, అరవైనాలుగో వంతు.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. అర్థం తెలియని పద్యాలను చిలకల్లా అప్పజెబుతున్నారని మాత్రం విమర్శించాడు. విమర్శ న్యాయమే కానీ ఎక్కాలకూ భిన్నాలకూ అది అంతగా వర్తించదు. వీసం అంటే ఏమిటో సంతకు వెళ్ళే పిల్లవాడికి తెలుసు. బోడ్మాస్‌లోని 'ఓ' ఏమిటో మీ ఊరి బడిపిల్లలను అడిగి చూడండి. అది 'ఆఫ్'. 20లో నాలుగో వంతు అన్నప్పుడు మనం పలికే ఆ 'లో'నే.