సామాజిక మాధ్యమ శ్రవణం

సామాజిక మాధ్యమ శ్రవణం (వ్యవహారంలో సోషల్ లిజనింగ్) అనగా ఫేస్‌బుక్, ఎక్స్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికలపై ప్రజలు బహిరంగంగా జరుపుకొనే సంభాషణలను సేకరించి, వాటి ద్వారా ఒక వస్తువు, సేవ లేదా ప్రదేశం గురించి వారి అవసరాలను, అభిప్రాయాలను తెలుసుకొనే మార్కెట్ పరిశోధన పద్ధతి. సర్వేలో అడిగిన ప్రశ్నకే జవాబు వస్తుంది. ఈ పద్ధతిలో ఎవరూ అడగకుండానే జనం చెప్పుకొన్న మాటలు ఆధారమవుతాయి.

చరిత్ర

1990ల మధ్యలో రాబర్ట్ కోజినెట్స్ ఇంటర్నెట్ సమూహాలను మానవశాస్త్ర పద్ధతులలో అధ్యయనం చేసే నెట్నోగ్రఫీని ప్రతిపాదించాడు. 2004లో ఫేస్‌బుక్, 2006లో ట్విట్టర్ ప్రారంభమైన తరువాత సంభాషణలు విపరీతంగా పెరిగాయి. వాటిని గాలించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. 2006లో కెనడాలో మొదలైన రేడియన్ 6 సంస్థను 2011లో సేల్స్‌ఫోర్స్ కొనుగోలు చేసింది. 2023లో ట్విట్టర్ పేరు ఎక్స్‌గా మారింది. ఆ సంవత్సరమే అక్కడ సమాచార సేకరణకు రుసుములు పెరిగాయి. 2024 ఆగస్టులో మెటా సంస్థ తన క్రౌడ్‌టాంగిల్ సేవను మూసివేసింది. దీనితో చిన్న సంస్థలకు సమాచార సేకరణ కష్టతరమైంది.

విధానం

ముందుగా అన్వేషణ పదాలను నిర్ణయిస్తారు. దొరికిన వ్యాఖ్యలలో సంబంధం లేనివాటిని తొలగించి, మిగిలినవాటిని విషయాల వారీగానూ, సానుకూలం, ప్రతికూలం, తటస్థం అనే మనోభావాల వారీగానూ వర్గీకరిస్తారు. ఒక్కొక్క ఫిర్యాదుకు జవాబివ్వడాన్ని పర్యవేక్షణ అంటారు. అనేక వ్యాఖ్యలలో కనిపించే ధోరణిని గుర్తించి నిర్ణయాలు తీసుకోవడం శ్రవణం.

తెలుగులో ఈ పని మరింత క్లిష్టమైనది. చాలామంది తెలుగు మాటలను ఆంగ్ల అక్షరాలలో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు రాస్తారు. "అబ్బో, ఏం ఏర్పాట్లు!" అన్న ఎత్తిపొడుపును యంత్రం ప్రశంసగా లెక్కించే అవకాశముంది.

ఉదాహరణ: నందికొండ పర్యాటకం

నల్గొండ జిల్లాలోని నందికొండ పురపాలక సంఘం నాగార్జునసాగర్ ఆనకట్టను ఆనుకొని ఉంది. హిల్ కాలనీ, పైలాన్ కాలనీలు ఇందులోనివే. మొదట్లో ఈ ప్రాజెక్టునే నందికొండ ప్రాజెక్టు అని పిలిచేవారు. 1955 డిసెంబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశాడు. ప్రజల నోట మాత్రం ఊరూ, ఆనకట్టా రెండూ "సాగర్" మాత్రమే. కనుక "నందికొండ" అన్న పదంతో మాత్రమే వెదికితే సందర్శకుల మాటలు చాలావరకు దొరకవు. "నాగార్జున" అని వెదికితే నటుడు అక్కినేని నాగార్జున, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం కూడా వస్తాయి. "సాగర్" అంటే హుస్సేన్ సాగర్ కూడా చేరుతుంది. అందువలన ఈ పేర్లకు డ్యామ్, గేట్లు, లాంచీ, బుద్ధవనం వంటి మాటలను జతచేసి, "సినిమా", "పరీక్షా ఫలితాలు" వంటివాటిని మినహాయించవలసి ఉంటుంది.

కృష్ణకు వరద వచ్చి ఆనకట్ట 26 గేట్లలో కొన్నింటినైనా ఎత్తినప్పుడు సందర్శకుల తాకిడి, దానితోపాటు సంభాషణలు పెరుగుతాయి. ఆ రోజులలో తరచుగా వినిపించే "గేట్లు ఎత్తారా?" అన్న ప్రశ్నలో పొగడ్త గానీ నింద గానీ లేదు. యంత్రం దానిని తటస్థంగా గుర్తించి పక్కన పెడుతుంది. కానీ పర్యాటక నిర్వాహకులకు అత్యంత ఉపయోగకరమైనది అదే. బయలుదేరే ముందు జనానికి ఏ సమాచారం కావాలో అది చెబుతుంది. ఎన్ని గేట్లు ఎత్తారో, 590 అడుగుల పూర్తి స్థాయికి నీటిమట్టం ఎంత దూరంలో ఉన్నదో ప్రతిరోజూ తెలియజేయడం ఏ ప్రకటన కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

2022 మే 14న ప్రారంభమైన బుద్ధవనం 274 ఎకరాలలో విస్తరించి ఉంది. బౌద్ధ దేశాల యాత్రికులను ఆకర్షించడం దాని ఉద్దేశాలలో ఒకటి. తెలుగు, ఆంగ్ల పదాలకే పరిమితమైన అన్వేషణకు వారి మాటలు అందవు.

పరిమితులు

సామాజిక మాధ్యమాలలో మాట్లాడేవారు మొత్తం ప్రజలకు ప్రతినిధులు కారు. రోడ్డు పక్కన చేపలు వేయించి అమ్మేవారు, లాంచీ నడిపేవారు, స్మార్ట్‌ఫోను వాడని వృద్ధ యాత్రికులు ఈ లెక్కలో కనిపించకపోవచ్చు. వారి మౌనాన్ని సంతృప్తిగా భావిస్తే నిర్ణయం తప్పుతుంది. డబ్బిచ్చి రాయించిన వ్యాఖ్యలు, నకిలీ ఖాతాలు కూడా ఫలితాన్ని వక్రీకరిస్తాయి. అందుచేత వ్యాఖ్యల సంఖ్యను టికెట్ల లెక్కలతో, సర్వేలతో, ముఖాముఖి సంభాషణలతో సరిచూడాలి.

గోప్యత

భారతదేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో ఆమోదం పొందింది. వ్యక్తి తానుగా బహిరంగపరచిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. అయినప్పటికీ పేర్లను తొలగించి ధోరణులను మాత్రమే పరిశీలించడం, వ్యక్తిగత బృందాలలోని సంభాషణల జోలికి పోకపోవడం ఉత్తమ పద్ధతిగా పరిగణించబడుతుంది.